మేస్త్రి లెక్క అప్పుడే తీర్చేయకు నాన్నా

నాన్నకు, అమ్మకు నమస్కారాలు. అవ్వ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నేను బాగున్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకోకు నాన్నా. ఫోన్‌లో డబ్బు మాట ఎత్తితే నీకు కోపం వస్తుంది, ఫోన్ అమ్మ చేతికి పోతుంది, అమ్మ సంబంధాల కబుర్లలోకి దిగుతుంది. నేను చెప్పాలనుకున్నది చెప్పకుండానే పెట్టేస్తాను. కాగితమైతే కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుతావు. బావకు పంపుతున్నాను, ప్రింట్ తీసి ఇస్తాడు.

ముందు నీ టెన్షన్ సంగతి. ఇంగ్లండులో యూనివర్సిటీలు మనుషుల్ని తీసేస్తున్నాయని పేపర్లో చదివి అన్నం సరిగ్గా తినడం లేదని అక్క చెప్పింది. పేపర్లో వచ్చింది అబద్ధం కాదు. ఇక్కడి పిల్లలు డిగ్రీకి ఏడాదికి కట్టే ఫీజు 2017 నుంచి 9,250 పౌండ్ల దగ్గరే ఉండిపోయింది. 2025లో గానీ అది 9,535 కాలేదు. ఖర్చులు మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చాయి. పైగా 2024 జనవరి నుంచి బయటి దేశాల మాస్టర్స్ విద్యార్థుల్లో చాలామందికి భార్యాబిడ్డలను వెంట తెచ్చుకునే వీలు తీసేశారు, దాంతో వాళ్ల రాకా తగ్గింది. అందుకే కొత్త బిల్డింగుల మాట మా ఆఫీసులో ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. కానీ నాది పాత బిల్డింగుల పని. కారే కప్పులు, వయసైపోయిన బాయిలర్లు, 1960ల్లో కట్టిన లాబ్‌లు. బడ్జెట్ లేదని వాన ఆగదు కదా. మా మేనేజర్ని సూటిగానే అడిగాను. వచ్చే ఏడాది పనుల్లో నా పేరు వేసే ఉందన్నాడు. ఇక అన్నం తిను.

"మీ అమ్మాయి అక్కడ ఇంజినీరా, కాంట్రాక్టరా" అని పక్కింటి అత్త అడిగితే ఏం చెప్పాలో తెలియలేదట అమ్మకు. కట్టించుకునే వాళ్ల తరఫు మనిషి అని చెప్పమ్మా. యూనివర్సిటీలో ఎస్టేట్స్ అని ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది. బల్బులు, కుళాయిలు మా సొంత పనివాళ్లే చూసుకుంటారు. పెద్ద పని అయితే ఏం కావాలో మేం రాసి, డ్రాయింగులు గీయించి, టెండర్ పిలిచి కాంట్రాక్టర్‌కు ఇస్తాం. అతను రాసిందే చేస్తున్నాడా, ఎవరికీ దెబ్బ తగలకుండా చేస్తున్నాడా, చేసినంతకే బిల్లు పెట్టాడా, ఇవి చూసుకోవడం నా ఉద్యోగం. హెల్మెట్ ఫొటో చూసి భయపడ్డావు గానీ, నేను సైట్లో కంటే మీటింగుల్లోనే ఎక్కువ ఉంటాను.

వేసవిలో ఫోన్లు తగ్గించానని అలిగావట. మా పనంతా అప్పుడే అమ్మా. మే నెల పరీక్షలప్పుడు డ్రిల్లింగ్ చప్పుడు వినపడితే చాలు, కంప్లయింట్ల మీద కంప్లయింట్లు. జూన్‌లో పిల్లలు ఇళ్లకు వెళ్లాక మొదలుపెట్టి సెప్టెంబర్‌లో తిరిగొచ్చేలోగా అప్పగించాలి. ఆలస్యమైతే వారానికి ఇంత చొప్పున బిల్లులో కోసుకుంటామని అగ్రిమెంటులో ముందే రాసి ఉంటుంది. కాంట్రాక్టర్‌కు ఆ భయం, మాకు పిల్లలను ఎక్కడ కూర్చోబెట్టాలనే భయం.

ఈ ముక్క పెదనాన్నకు ఫోన్ చేసి చదివి వినిపించు నాన్నా. ఈ వేసవిలో ఒక బిల్డింగు రిసెప్షన్ కౌంటర్‌కు ఆర్కిటెక్ట్ బ్లాక్ గెలాక్సీ రాశాడు. మన చీమకుర్తి రాయి! కాంట్రాక్టర్ శాంపిల్ ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా, నున్నగా బాగానే ఉంది. "ఇది కూడా అలాంటిదే, తొందరగా దొరుకుతుంది" అంటాడు. నేను దాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి అటూ ఇటూ వంచి చూశాను. గెలాక్సీ అయితే వెలుతురు పడిన చోటల్లా బంగారు రేణువులు మెరవాలి. రాయిలో ఉండే బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపది. ఇది వట్టి నలుపు. క్వారీ పక్కన రాళ్ల మీద కూర్చుని ఆ చుక్కలు ఊడొస్తాయేమోనని గోటితో గీకిన దాన్ని, నాకా చెప్పేది! రాసిన సరుకు కాకుండా వేరేది వేయాలంటే మేం కాగితం మీద ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. గొణుక్కుంటూ అసలుది తెప్పించాడు. ఇప్పుడు పిల్లలు దాని మీద కాఫీ కప్పులు పెట్టి కబుర్లు చెప్పుకుంటుంటారు. చీమకుర్తి ఎక్కడుందో వాళ్లకేం తెలుసు. అటు వెళ్లినప్పుడల్లా నేను దాన్ని ఒకసారి చేత్తో తడిమి వెళ్తాను.

చేపల పులుసు గుర్తొస్తోంది. ఇక్కడ గడ్డకట్టిన వంజరం దొరుకుతుంది, పులుసు పెడితే ముక్క చెదిరిపోతుంది. మామిడికాయ ముక్కలు వేసినా ఆ రుచి రాదు. అదలా ఉంచు.

మన ఇంటి పైన కట్టిస్తున్న మిద్దె సంగతికి వస్తాను. మేస్త్రి కూతురి పెళ్లి కార్తీకంలో అట కదా, మిగిలిన డబ్బు మొత్తం ఇప్పుడే అడుగుతున్నాడట, నువ్వు సరేనన్నావట. ఇవ్వొద్దు నాన్నా. ఆయన్ని అనుమానించి కాదు. కింది ఇల్లు కట్టింది కూడా ఆయనే, ఇన్ని తుఫాన్లకు ఒక్క చుక్క కారలేదు, నాకు తెలియదా? కానీ బయటి పూత, బాత్రూముల టైల్స్, పిట్టగోడ, మిద్దె మీద నీళ్లు పోయే వాటం, ఇవన్నీ మిగిలే ఉన్నాయి. డబ్బంతా ముట్టాక ఎంత మంచివాడైనా కొత్త పని ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు. ఆయన కింద ఉన్న బేల్దార్లకు, కూలీలకు రోజూ డబ్బు ఇవ్వాలిగా. మన పని "రేపు, ఎల్లుండి" అవుతుంది. నువ్వేమో నోరు తెరిచి అడగలేవు.

ఇక్కడ ఎలా చేస్తారో చెప్తాను. నెలకోసారి క్వాంటిటీ సర్వేయర్ అనే మనిషి సైటంతా తిరిగి, అప్పటిదాకా అయిన పనికి విలువ కడతాడు. అంతకే బిల్లు. అందులోనూ నూటికి మూడో అయిదో పట్టి ఉంచుతారు, రిటెన్షన్ అని. పని పూర్తయి, బిల్డింగు వాడుకోవచ్చని సర్టిఫికెట్ ఇచ్చాక అందులో సగం వదులుతారు. మిగతా సగం మామూలుగా ఏడాది దాకా మా దగ్గరే ఉంటుంది. ఈలోగా పనిలో లోపం వల్ల ఎక్కడ బీటలు పడినా, ఎక్కడ కారినా అతనే వచ్చి సొంత ఖర్చుతో బాగుచేయాలి, చేశాక ఆ డబ్బు పట్టుకెళ్లాలి. దీన్ని ఇక్కడ ఎవరూ అవమానం అనుకోరు.

అలాగని ఇందులో అంతా న్యాయమే అని చెప్పను. 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీ దివాలా తీసింది. దాని కింద పనిచేసిన చిన్న చిన్న కాంట్రాక్టర్ల డబ్బు దాంతోపాటే మునిగింది. పట్టి ఉంచిన డబ్బు మనది కాదు, గడువు రాగానే వాళ్లు అడగకముందే ఇచ్చేయాలి. నువ్వు ఆ పని చేస్తావని నాకు నమ్మకం, అందుకే ధైర్యంగా చెప్తున్నాను.

మనకు ఏడాది అక్కర్లేదు. మన వానలు అక్టోబర్‌లో మొదలై డిసెంబర్‌కు సద్దుమణుగుతాయి. ఒక్క వాయుగుండం పట్టి కురిస్తే ఆ మిద్దె సంగతి తేలిపోతుంది. ఇప్పటిదాకా అయిన పనికి పైసా తక్కువ లేకుండా ఇప్పుడే ఇచ్చెయ్. మిగతాది పని అయ్యే కొద్దీ ఇవ్వు. చివరగా నూటికి అయిదు మాత్రం ఆపి, సంక్రాంతికి ఆయన్ని భోజనానికి పిలిచి చేతిలో పెట్టు.

పెళ్లి సంగతి వేరు. దానికి నా తరఫున విడిగా పంపుతున్నాను, చదివింపుగా ఇవ్వు, పని లెక్కలో కలపకు. రెండూ కలిస్తే రేపు మాటా మాటా వస్తుంది, ఇన్నేళ్ల పరిచయం పాడవుతుంది. అన్నట్టు స్కూల్లో అందరి లెక్కలూ రిజిస్టర్లలో రాసిన మాస్టారివి, మేస్త్రి లెక్క మాత్రం కేలెండర్ వెనకాల రాస్తున్నావట! నెల మారగానే అమ్మ ఆ కాగితం చింపేస్తుంది.

"నీ లండన్ రూల్స్ కావలిలో చెల్లవు" అంటావు. నేనుండేది యార్క్‌షైర్ అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

అమ్మా, ఇది నీకు. మా దగ్గర ఒక ప్రొఫెసర్ వరండాలో ఎలక్ట్రీషియన్ని ఆపి, "ఈ ప్లగ్గు ఇక్కడ కాదు, ఆ గోడకు పెట్టు" అన్నాడు. పెద్దాయన చెప్పాడు కదా అని అతను పెట్టేశాడు. డ్రాయింగులో ఆ గోడకు అల్మరా ఉంది. మళ్లీ గోడ తవ్వారు, మళ్లీ పూత, ఆ రెండిటికీ బిల్లు. అందుకే ఒక్కరే చెప్పాలని, అదీ రాసి ఇవ్వాలని, ముందు ధర తేల్చుకోవాలని నియమం. వైస్ ఛాన్సలర్‌కైనా అంతే. నువ్వు రోజూ మజ్జిగ ఇస్తూ "ఇక్కడో గూడు పెట్టు నాయనా, అక్కడో అరుగు కట్టు నాయనా" అంటున్నావట. ఆయన కాదనలేక కడతాడు, తర్వాత నాన్నను ఎక్స్‌ట్రా అడుగుతాడు. ఏం కావాలన్నా నాన్నకు చెప్పు. అలగకు, దేవుడి గూడు మాత్రం కట్టించుకో.

ఈ ఒక్కటి తప్పకుండా వినండి. పెరట్లో పాత సిమెంట్ రేకుల షెడ్డు పగలగొట్టిస్తున్నారని విన్నాను. ఆ రేకులు ఆస్బెస్టాస్‌వి. ఇక్కడ 1999లో దాని వాడకం పూర్తిగా నిషేధించారు. పాత బిల్డింగుల్లో అది ఎక్కడెక్కడ ఉందో మా దగ్గర రిజిస్టర్ ఉంటుంది, గోడకు చిన్న బెజ్జం వేయాలన్నా కాంట్రాక్టర్ ముందు అది చూడాలి. దాని పోగులు కంటికి ఆనవు, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటకు రావు, జబ్బు ఏ ఇరవై ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. సుత్తి వాడనివ్వొద్దు. నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, ఒక్కో రేకు పగలకుండా దించాలి. గుడ్డ మాస్కులు పనికిరావు, ఎఫ్‌ఎఫ్‌పి3 అని ఉంటాయి, బావకు లింకు పంపాను. పని అయ్యాక చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. ముక్కలు దారి గుంతల్లో పోయించకు. చిన్నోడిని ఆ రోజు అక్కావాళ్ల ఇంట్లో ఉంచండి.

మెట్ల గ్రిల్ వెల్డింగ్ ఫొటో చూశాను. పక్కనే సెంట్రింగ్ చెక్కలు పేర్చి ఉన్నాయి, తీయించు. ఇక్కడ నిప్పురవ్వ లేచే పని దేనికైనా మా ఆఫీసు పర్మిట్ ఉండాలి, పని ఆపాక కూడా ఒక మనిషి గంటసేపు అక్కడే కాపలా ఉండాలి. గ్లాస్గో ఆర్ట్ స్కూల్ 2014లో ఒకసారి కాలింది. బాగుచేస్తుండగానే 2018 జూన్‌లో మళ్లీ కాలిపోయింది. రెండోసారి ఎందుకు అంటుకుందో కారణం తేలలేదు. పాత బిల్డింగుల పని చేసేవాళ్లం ఆ పేరు మర్చిపోలేం.

ఇంకోటి. పనికి వచ్చే ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు? 2015 నాటి చట్టం ప్రకారం ఇక్కడ మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు, కూర్చుని తినే చోటు ఏర్పాటు చేశాకే పని మొదలవ్వాలి, అది కట్టించుకునే వాళ్లు కూడా చూసుకోవాలి. వెనక బాత్రూము తాళం తీసి పెట్టమ్మా. అవ్వ మడి అంటుంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు.

బాత్రూములకు టైల్స్ వేసేలోపు గోడల్లో పైపులు, వైర్లు ఎటు వెళ్లాయో చిన్నోడి చేత ఫొటోలు తీయించు. టేపు గోడకు ఆనించి, అంకెలు కనపడేలా తీయమను. అప్పగించే రోజు కాంట్రాక్టర్ మాకు తాళాలతో పాటు ఇలాంటి కాగితాలన్నీ ఇవ్వాల్సిందే. రేపు ఎవరైనా మేకు కొట్టి పైపు పగలగొడితే అప్పుడు తెలుస్తుంది వాటి విలువ.

చలి ఇంకా పెద్దగా లేదు. స్వెట్టర్ వేసుకుంటున్నాను, ఒట్టు. సంబంధం సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం, అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వకండి. నాన్నా, బీపీ మాత్ర మానొద్దు. అమ్మా, వచ్చేవాళ్ల చేత ఉసిరికాయ పచ్చడి పంపాలంటే గాజు సీసాలో వద్దు. పోయినసారి నూనె కారి పాపం ఆ అబ్బాయి చొక్కాలన్నీ పాడయ్యాయి, నేనే కొత్తవి కొనివ్వాల్సి వచ్చింది.

ఉంటాను,
మీ చిన్నమ్మాయి