మేయరు ఆశలకు వార్డు కమిటీలే ఆధారం

సంపాదకులకు,

విజయనగరం మేయరు పదవికి పోటీపడదలచిన నేను, ఆ పదవి పరిమితులను గుర్తెరిగే ఈ లేఖ రాస్తున్నాను. మేయరును ఎన్నుకునేది ప్రధానంగా కార్పొరేటర్లు; రోజువారీ కార్యనిర్వహణ కమిషనరుది. కనుక ఏడాదిలో నగరాన్ని మార్చేస్తాననడం, ఎన్నికల వేళ ఎంత వినసొంపుగా ఉన్నా, నిజాయితీ కాదు. అయితే బడ్జెటును ఆమోదించేది కౌన్సిలే.

రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న చోటే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. 2011 జనగణన ప్రకారం ఆ సంఖ్యకు దిగువనున్న మన నగరంలోనూ వాటిని ఏర్పరచి, పెద్దచెరువు సంరక్షణ, మురుగు కాలువలు, వేసవి మంచినీటి సరఫరాలలో ఏది ముందో స్థానికులే నిర్ణయించాలన్నది నా ఆకాంక్ష. సిరిమానోత్సవం ముందు కనిపించే పారిశుద్ధ్య శ్రద్ధ మిగతా నెలల్లోనూ ఉండాలి. వార్డువారీ ఖర్చుల వివరాలను మూడు నెలలకోసారి బహిరంగంగా ప్రదర్శించాలని తొలి సమావేశంలోనే ప్రతిపాదిస్తాను.

— ఒక మేయరు అభ్యర్థి, విజయనగరం