మందస కాల్పులు స్వాతంత్ర్య పోరాటం కావా?

సంపాదకులకు నమస్కారాలు.

ఏటా ఆగస్టు 15న మా ప్రాంతపు బడుల్లో పిల్లల ఉపన్యాసాల్లో దండి, చౌరీచౌరా, జలియన్‌వాలాబాగ్ వినిపిస్తాయి గానీ మా శ్రీకాకుళం జిల్లాలోని మందస పేరు వినిపించదు. కిందటేడు ఒక సభలో నేను 1940 ఏప్రిల్ 1 నాటి కాల్పుల ప్రస్తావన తెస్తే, అది జమీందారుతో రైతులకు వచ్చిన తగాదాయే తప్ప తెల్లవారి మీద పోరాటం కాదని వేదిక మీది పెద్దలొకరు తేల్చేశారు. ఆ మాట నన్ను ఎంతో నొప్పించింది.

నాగలికీ బండికీ కావలసిన కర్ర, పొయ్యిలోకి పుల్ల అడవి నుంచి తెచ్చుకోవడం కొండవార పల్లెల్లో తరతరాల వాడుక. మందస జమీందారీలో దానికి అడ్డు చెప్పారు. రైతులు ఆ ఆంక్షను లెక్కచేయక కలప తెచ్చుకున్నారు. వారిని పట్టుకోవడానికి గుడారి రాజమణిపురం గ్రామానికి వచ్చిన పోలీసులకు ఎదురు నిలిచి, సాసుమాన గున్నమ్మ సహా ఐదుగురు తుపాకీ గుళ్లకు ప్రాణాలు విడిచారు. గున్నమ్మ అప్పుడు గర్భవతి అని మా పెద్దలు చెప్పేవారు.

ఆ తుపాకులు జమీందారువి కావు, సర్కారువి. అసలు 1802లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి, పేష్కషు (జమీందారు సర్కారుకు ఏటా కట్టే సొమ్ము) సక్రమంగా చెల్లిస్తే చాలునంటూ రైతును జమీందారు చేతికి అప్పగించింది కంపెనీ ప్రభుత్వమే. పైగా 1939లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసిన తర్వాత మద్రాసు రాష్ట్రం నేరుగా గవర్నరు పాలనలోకి వెళ్లింది కనుక, మందసలో తుపాకి పేల్చిన పోలీసు బ్రిటిష్ ప్రభుత్వానికి తప్ప మరెవరికీ జవాబుదారీ కాదు. అంతకు కొద్దిరోజుల ముందే, మార్చి నెలలో, మందసకు దగ్గరలోని పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయన్నది కూడా మరువరాదు. పరాయి పాలన, జమీందారీ రెండూ పోవాలన్నది ఆనాటి రైతు కోరిక; ఆ రెంటినీ విడదీసి చూస్తున్నది మనమే.

నౌపడ ఉప్పు సత్యాగ్రహాన్నీ, పొందూరు ఖద్దరునూ, బారువలో పుట్టిన గౌతు లచ్చన్న గారినీ జిల్లా కొంతవరకైనా తలుచుకుంటోంది. మందస మృతుల్లో గున్నమ్మ పేరు ఒక్కటే మిగిలింది, తక్కిన నలుగురి పేర్లు అడిగితే చదువుకున్నవారే తడుముకుంటున్నారు. ఆనాటి మాటలు తల్లిదండ్రుల నోట విన్న వృద్ధులు ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారు. మీ విలేకరులను పంపి వారి జ్ఞాపకాలను సేకరించి, వచ్చే ఏప్రిల్ 1న జిల్లా పేజీలో ఐదుగురి పేర్లతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా