మన తమ్ముడి వైద్యం డబ్బుల జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. క్యాన్సర్‌కి మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ అయిపోయాక మళ్లీ 2,30,000 ఎందుకు ఖర్చయిందని కొందరు అడుగుతున్నారు. అడగాల్సిందే, డబ్బు మీది.

జమ: ఊళ్లో చందాలు 4,12,000, పదో తరగతి బ్యాచ్ 3,65,000, గల్ఫ్, అమెరికాలో ఉన్నవాళ్లు 2,90,000, వినాయక చవితి మిగులు 38,000. మొత్తం 11,05,000. కూలి డబ్బుల్లోంచి వంద, రెండొందలు తీసి ఇచ్చినవాళ్లకి ప్రత్యేకంగా దండం.

ఖర్చు: ట్రాన్స్‌ప్లాంట్‌కి మన వాటా 5,00,000, మందులు 1,12,000, ప్లేట్‌లెట్లు 88,000, గది అద్దె, భోజనాలు 96,000, నరాల పరీక్షలు 14,500.

ఇక ఆ 2,30,000 సంగతి. చెల్లెలిచ్చిన మూలకణాలు బాగానే పట్టాయి, రక్తకణాల కౌంట్లు లేస్తున్నాయి, అప్పుడు కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ముందు కీమోలో ఇచ్చిన విన్‌క్రిస్టిన్ ప్రభావం అనుకున్నారు, అది నరాలను దెబ్బతీసే మందే. కానీ రోజురోజుకీ బలం పోయింది, చెప్పు జారిపోయినా తెలియకుండా ఒంటి చెప్పుతో నడిచాడు, తర్వాత కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయాడు. వెన్ను నీరు తీసి చూస్తే ప్రోటీన్ ఎక్కువ, కణాలు మామూలే, క్యాన్సర్ తిరిగి రాలేదు. గిలియన్ బారే అనే జబ్బని డాక్టర్లు అన్నారు. అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత నరాల మీదే పడడం, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత అరుదుగా వస్తుందట. ఊపిరి కండరాలకు పాకితే వెంటిలేటరే.

స్టెరాయిడ్లు చౌక కదా అని కొందరు అన్నారు, ఈ జబ్బుకి అవి పనిచేయవు. ప్లాస్మా మార్పిడికి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడానికి, పెద్ద రక్తనాళంలో లావుపాటి గొట్టం వేయాలి, ప్లేట్‌లెట్లు అంత తక్కువున్నప్పుడు రక్తం ఆగదని డాక్టర్లు వద్దన్నారు. మిగిలింది ఐవీఐజీ, అంటే రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారు కాబట్టే అంత ధర. ఒంటి బరువు కిలోకి 2 గ్రాములు, 50 కిలోలకి 100 గ్రాములు, 5 గ్రాముల సీసాలు 20, రోజుకి 4 చొప్పున ఐదు రోజులు. మొదటి 8 సీసాలు ఆసుపత్రి మందుల షాపులోనే 13,000 చొప్పున కొన్నాం, రాత్రిపూట ఇంకెక్కడా దొరకలేదు. మిగతా 12 డిస్ట్రిబ్యూటర్ దగ్గర 10,500కి తెచ్చాం. మీటింగ్ పెట్టి అందరినీ అడగలేదన్నది నిజమే, ఎంత ముందు ఎక్కిస్తే అంత మేలని డాక్టర్లు అన్నారు, మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాం.

మొత్తం ఖర్చు 10,40,500, చేతిలో ఉన్నది 64,500. అది ఫిజియోథెరపీకే, ఇప్పుడు వాకర్ పట్టుకుని నిలబడుతున్నాడు, నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది. మైకులో పేరు చదివించుకుని ఇంకా ఇవ్వనివాళ్ల దగ్గర 1,15,000 ఆగింది, లెక్క అడిగినవాళ్లలో వాళ్లూ ఉన్నారు, కాస్త త్వరగా పంపండి. బిల్లులన్నీ గ్రంథాలయంలో ఫైలు చేసి పెట్టాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.