రూట్ కెనాల్ తర్వాత క్యాప్ గురించి, మారుతున్న మా ఫీజు పద్ధతి గురించి

మా క్లినిక్‌కి వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి దవడ పళ్లకు రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి శుభ్రం చేసి మూసే చికిత్స) ఫీజు, క్యాప్ (ఆ పన్ను మీద వేసే తొడుగు) ఫీజు విడివిడిగా చెప్పం. మొదటి రోజే రెండూ కలిపి కాగితం మీద రాసిస్తాం. విడతల్లో కట్టొచ్చు. మొత్తం చూసి కొందరు వెనక్కి వెళ్లిపోతారని తెలుసు. అయినా ఈ పద్ధతికే రావాలని నిర్ణయించుకున్నాం.

రూట్ కెనాల్ మొదలుపెట్టే రోజు చాలామంది రాత్రంతా నిద్ర లేకుండా వస్తారు. తర్వాతి సిట్టింగ్‌కల్లా నొప్పి పోతుంది. "ఇప్పుడు బానే ఉందిగా డాక్టరుగారూ, క్యాప్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. పొలం పెట్టుబడులు, పిల్లల స్కూలు ఫీజులు అడ్డం వస్తాయి, నాకూ తెలుసు. కానీ ఏడాదికో రెండేళ్లకో అదే పన్ను మటన్ బొమిక కొరికినప్పుడో, వేయించిన శనగలు నమిలినప్పుడో నిలువునా చీలుతుంది. చీలిక వేరులోకి దిగితే పీకడం తప్ప దారి ఉండదు. అక్కడ బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో నిలిపే కట్టుడు పన్ను) పెట్టాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దించి దాని మీద పెట్టే పన్ను) అయితే ఖర్చు క్యాప్ కంటే ఎన్నో రెట్లు. ఖాళీగా వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి, ఎదురు పన్ను ఆ ఖాళీలోకి జరుగుతూ వస్తుంది.

నరం తీసేస్తే పన్ను ఎండిపోయి పెళుసెక్కుతుందని చాలామంది నమ్మకం. అసలు కారణం అది కాదు. పుచ్చు తినేసింది కొంత, నరం దాకా వెళ్లడానికి మేం తొలిచింది కొంత, రెండూ కలిసి పన్ను మధ్యభాగం పోతుంది. మిగిలిన అంచులు నమిలినప్పుడల్లా బయటికి విచ్చుకుంటాయి. బండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టు, క్యాప్ ఆ అంచులన్నిటినీ చుట్టూ బిగించి పట్టుకుంటుంది. లోపలికి లాలాజలం, సూక్ష్మక్రిములు దిగకుండా కాపాడే పని కూడా దానిదే. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకే అరిగిపోతుంది, దాంతో నెలల తరబడి నెట్టుకురావడం కుదరదు. రూట్ కెనాల్ చేసిన పళ్లలో క్యాప్ లేనివి, క్యాప్ ఉన్నవాటికంటే 6 రెట్లు ఎక్కువగా ఊడిపోయాయని 2002లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది.

అలాగని ప్రతి పన్నుకూ క్యాప్ అక్కర్లేదు. చిన్న పుచ్చుకు ఫిల్లింగ్ చాలు. ముందు పన్నుకు రూట్ కెనాల్ చేసినా, చిన్న రంధ్రం తప్ప మిగతా పన్ను గట్టిగా ఉంటే క్యాప్ లేకుండానే నడుస్తుంది. చిగురు పైన పన్ను బొత్తిగా మిగలకపోతే క్యాప్ పెట్టినా నిలవదు. అలాంటప్పుడు రూట్ కెనాల్ కూడా మొదలుపెట్టం, ఆ మాట ముందే చెప్పేస్తాం.

మన కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇంకో సంగతి ఉంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బును) మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం గురించే. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పుడే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడి, పెళ్లిచూపుల ముందు "ముందు పళ్లన్నిటికీ తెల్ల క్యాప్‌లు వేసేయండి" అని పిల్లలను తీసుకొస్తారు. ఆ బాధ చిన్నదని అనను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లలను రోజూ చూస్తున్నాను. కానీ క్యాప్ కోసం పన్నును చుట్టూ మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీయాలి. అది మళ్లీ పెరగదు. పద్దెనిమిదేళ్లకు వేసిన క్యాప్ జీవితాంతం ఉండదు, ఒకటి రెండుసార్లైనా మార్చాల్సి వస్తుంది. పైపొర మాత్రమే సన్నగా రుద్దడం, బ్లీచింగ్, అవసరమైన చోట పంటి రంగులో ఉండే కాంపోజిట్ పూత, వీటితో చాలామందికి మరకలు బాగా తగ్గుతాయి. ముందు అవే చేద్దాం. గట్టి పళ్లను అరగదీసి క్యాప్‌లు వేయమంటే మా దగ్గర వేయం.

ఏ రకం క్యాప్ అన్నది బడ్జెట్‌ను బట్టి చూద్దాం. వెనక దవడకు మెటల్ క్యాప్ చాలా గట్టిది, పన్నును తక్కువ అరగదీస్తే సరిపోతుంది, ధరా తక్కువ. రంగు కనబడుతుందనే తప్ప దానికి వంక పెట్టడానికి లేదు. జిర్కోనియా పంటి రంగులో గట్టిగా ఉంటుంది. మెటల్ మీద సిరామిక్ వేసిన రకంలో పైపొర అప్పుడప్పుడు పెచ్చు ఊడుతుంది.

క్యాప్ వేశాక దాని పనైపోయిందని వదిలేయకండి. క్యాప్ పుచ్చిపోదు కానీ చిగురు దగ్గర దాని అంచు కింద ఉన్న సొంత పన్ను పుచ్చుతుంది. నరం లేదు కాబట్టి నొప్పి కూడా తెలియదు. రాత్రిపూట తప్పకుండా బ్రష్ చేయండి, పళ్ల సందుల్లో చిన్న బ్రష్ తిప్పండి. ఎప్పుడైనా క్యాప్ ఊడితే కడిగి డబ్బాలో వేసి తీసుకురండి, చాలాసార్లు అదే మళ్లీ అతికించొచ్చు. ఫెవిక్విక్‌తో మాత్రం అతికించుకోవద్దు. నోట్లో వదులుగా పెట్టుకుని పడుకోవద్దు, నిద్రలో గొంతులోకి జారే ప్రమాదం ఉంది.

రూట్ కెనాల్ అయి క్యాప్ వేయించుకోని పన్ను ఉంటే, అది మా దగ్గర చేయించుకున్నదైనా వేరేచోట చేయించుకున్నదైనా, ఈ నెలాఖరు దాకా ఎక్స్‌రే ఉచితంగా తీసి చూస్తాం. పాత చీటీ ఉంటే తెచ్చుకోండి, లేకపోయినా పర్వాలేదు.