ఐపీ పెట్టినా జరిమానా తప్పదు

సంపాదకులకు నమస్కారం.

వ్యాపారం దెబ్బతిని కోర్టులో ఐపీ (దివాలా అర్జీ) పెట్టిన తిరుపతి చిరువ్యాపారులు కొందరు, ఇక ఎవరూ గడప తొక్కరన్న ధీమాతో ఉండి, పాత కేసులో పడిన జరిమానా కోసం వారంటుతో మనుషులు వచ్చినప్పుడు దిక్కుతోచక నిలబడుతున్నారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, అప్పుల నుంచి విముక్తి కలిగిస్తూ కోర్టు ఉత్తర్వు ఇచ్చినా, జరిమానా వంటి, ప్రభుత్వానికి చెల్లించవలసిన బాకీ రద్దు కాదు. ఐపీ కాగితాలు సిద్ధం చేసి ఫీజు పుచ్చుకునేవారు ఈ మాట ముందే చెబితే ఎంత బాగుండును!

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. జరిమానా మాత్రమే విధించి, కట్టకపోతే జైలు అన్న తీర్పుల్లో, క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 464వ సెక్షన్ కింద 30 రోజుల వరకు గడువు గానీ, రెండు మూడు వాయిదాలు గానీ కోర్టు ఇవ్వవచ్చు. జరిమానా కట్టనందుకు జైలుశిక్ష పూర్తిగా అనుభవించినవారిపై, ప్రత్యేక కారణాలను రాతపూర్వకంగా నమోదు చేస్తే తప్ప, లేదా ఆ సొమ్ములోంచి పరిహారం, ఖర్చులు ఇవ్వాలన్న ఉత్తర్వు ఉంటే తప్ప, వసూలు వారంటు జారీ చేయరాదని 461వ సెక్షన్ చెబుతోంది. చెక్కు బౌన్సు కేసుల్లో జరిమానాలోంచి ఫిర్యాదుదారుకు పరిహారం ఇమ్మన్న ఉత్తర్వు ఉంటే, చిక్కంతా అక్కడే. కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలుకు పంపిన వారంటు మీద మాత్రం అరెస్టు చేయడానికి వీల్లేదు.

వచ్చినవారితో వాదులాడే కన్నా, వారంటులోని కోర్టు పేరు, కేసు నంబరు, మొత్తం రాసుకుని ఆ కోర్టులోనే అర్జీ పెట్టుకోవడం మేలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం గలవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఈ వివరాలన్నీ ఉన్న తెలుగు కాగితం ఒకటి వారంటుతో పాటే అందేలా జిల్లా న్యాయాధికారులు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తిరుపతి