మన బడి 3, 4, 5 తరగతుల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారమండి.

సోమవారం నుంచి రావిచెట్టు కిందా, పాలకేంద్రం దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే మాట, మన బడి ఎత్తేస్తున్నారట అని. ఇద్దరు ముగ్గురు టీసీలు ఇచ్చేయమని కూడా వచ్చారు. కంగారు పడకండి, ఆర్డర్ ఏదీ రాలేదు. వచ్చింది ప్రతిపాదనే: 3, 4, 5 తరగతులను కాజ్‌వే అవతల, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూల్లో కలిపి, ఇక్కడ చిన్న తరగతులు మాత్రం ఉంచుదామని. 2022లో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలపమంటూ 117 జీవో వచ్చినప్పుడూ ఇదే టెన్షన్ పడ్డాం. ఆ జీవో పోయింది గానీ, కలపడం అనే ఆలోచన పోలేదు.

తరగతికో టీచర్ ఉండాలన్నది మంచి మాటేనండి, ఇద్దరమే ఐదు తరగతులూ చెప్తున్న మాకంటే ఆ అవసరం ఎవరికి తెలుసు? అయితే ఆ టీచర్ని ఇక్కడికి పంపాలి గానీ, ఎనిమిదేళ్ల పిల్లని కాలవగట్టు మీద చేపల లారీల పక్కన నడిపించి అక్కడికి పంపడం ఏమిటి? ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం పెరిగిందంటే చాలు, మన కాజ్‌వే మీదికి నీళ్లొస్తాయి, అప్పుడు పడవే దిక్కు. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లకి కిలోమీటరు లోపల బడి ఉండాలని విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నియమాలు చెప్తున్నాయి. అంతకన్నా ముఖ్యం, 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో వరదలు, రోడ్లు లేకపోవడం, దారిలో పసిపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలని స్పష్టంగా ఉంది. మనలాంటి లంక ఊళ్ల కోసమే రాసినట్టు ఉంటుంది ఆ వాక్యం! ఉద్యోగిని కాబట్టి నేను టెంట్ వేసి కూర్చోలేను, మీరు అడగొచ్చు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే ఉండాలి, ఇదీ చట్టమే. మీ తీర్మానానికి బలం ఉంది.

చిన్న బడిలో చదువు రాదనేవాళ్లని ఒక్కరోజు మా నాలుగో తరగతికి పంపండి. ఒక బాబు వాళ్ల తాతకి కొబ్బరికాయల వ్యాపారి ఇచ్చిన చీటీ తీసుకుని, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర పేపర్లో చూసి, వెయ్యి కాయల లెక్కన కట్టి, కూలీ ఖర్చు రెండుసార్లు పట్టుకున్నారని తేల్చాడు. ఆ చీటీ బోర్డు మీదికి ఎక్కించి క్లాసంతటితో లెక్క చేయించాను. రెండో తరగతి దాకా నోరు విప్పని పాప ఇప్పుడు ఐదో తరగతి, ప్రార్థన వేళ పేపర్ చదువుతుంటే వంటామె గరిటె పట్టుకుని వరండాలోకి వచ్చి వింటుంది. ఆ అమ్మాయే ఈసారి పెద్దాపురం నవోదయ పరీక్షకి తయారవుతోంది. మీ పిల్లలేనండి వీళ్లు.

ఇక కొంచెం మనసులో మాట. బడి ఉండాలని సంతకం పెట్టే చేత్తోనే కొందరు పిల్లాణ్ని ప్రైవేటు బస్సెక్కిస్తున్నారు. మీ ఇష్టం, నేను కాదనను, కానీ లెక్కల్లో కనిపించేది హాజరే కదా. మేనత్తగారింట్లో పెళ్లికి వారం రోజులు బడి మానిపించాలా? రాత్రి పదకొండు దాకా ఫోన్ చేతిలో పెట్టి, పొద్దున్నే టిఫిన్ బదులు చిప్స్ ప్యాకెట్ ఇచ్చి పంపితే, పదిన్నరకల్లా ఆ పసివాడు బల్ల మీద తల వాల్చేస్తున్నాడు. మేం లేపితే ఏడుస్తున్నాడు. దయచేసి గంజన్నం పెట్టినా సరే, తినిపించి పంపండి.

బూట్ల సైజు మారిన వాళ్లు చెప్పండి, ఆధార్ అప్‌డేట్ ఈ నెలలోనే చేయించండి, కోడిగుడ్డు తిననివాళ్ల పేర్లు టీచరమ్మకి ఇవ్వండి.

కమిటీ మీటింగు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి బడి వరండాలోనే. అమ్మలు తప్పకుండా రావాలి. దారి ఫోటోలు, కిందటి వరదలో కాజ్‌వే మునిగినప్పటి వీడియోలు ఫోన్లో ఉంటే తీసుకురండి, అర్జీకి జతచేద్దాం. చెరువుల మీద పనికి వెళ్లేవాళ్లు గురువారమే వచ్చి తీర్మానం చదివి, నచ్చితే సంతకం చేసి వెళ్లండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు