శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక్క పూట చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు చూడదగిన ప్రదేశాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక్క పూట కేటాయించి, గోల్డెన్‌గేట్ వంతెన దగ్గర ఒక ఫొటో, వంకర్లు తిరిగే లాంబార్డ్ వీధిలో ఒక ఫొటో, రేవులో సముద్ర సింహాలు, ఆపైన తిరుగు ప్రయాణం అని ముగించారు. రాసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే మొదటి రెండుసార్లు నేనూ ఆ ఊరిని అలాగే చూశాను. మూడోసారి మాత్రం నేనూ మావారూ అక్కడే బస చేసి ఏడు రోజులు గడిపాము. మనవాళ్లు వేలాదిగా వెళ్లి వస్తున్న ఆ నగరాన్ని కారు అద్దంలోంచి కాకుండా కాలినడకన, అక్కడి తిండి తింటూ, వారం రోజులు చూడమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరి ఊరైన ఫ్రీమాంట్‌లో. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక శనివారం పులిహోర డబ్బా, పెరుగన్నం కట్టుకుని కారులో బయలుదేరాము. జూలై నెల కదా అని నేను నూలు చీర కట్టుకున్నాను. గోల్డెన్‌గేట్ దగ్గర దిగేసరికి పళ్లు టకటకా కొట్టుకునేంత చలి. వంతెన స్తంభాల పాదాలు తప్ప మరేమీ కనిపించలేదు, పైనంతా తెల్లటి పొగమంచే. రెండోసారి వెళ్లినప్పుడు ఒక తీరం దగ్గర కారు ఆపి అరగంటలో తిరిగి వచ్చేసరికి వెనుక అద్దం పగిలి, ముక్కలు సీటు మీద కలకండ పలుకుల్లా పడి ఉన్నాయి. మావారి రక్తపోటు మాత్రలున్న సంచీ మాయమైంది. కారులో సామాను కనిపించేలా వదలవద్దని అక్కడ చాలాచోట్ల బోర్డులుంటాయి. మేము చదివాము గానీ పట్టించుకోలేదు. ఆ రోజంతా మందుల షాపు వెతుక్కోవడంతోనే సరిపోయింది.

అందుకే మూడోసారి కారు వద్దనుకున్నాము. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు ఎక్కితే గంటలోపే శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున పావెల్ స్టేషన్‌లో దిగవచ్చు. వారం రోజులకు చెల్లే ప్రయాణికుల పాస్ ఒకటి దొరుకుతుంది, దానితో నగర బస్సులూ ట్రాములూ కేబుల్ కార్లూ అన్నీ ఎక్కవచ్చు. నిట్టనిలువుగా లేచే ఆ వీధుల్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎలా తిరుగుతారని అమ్మాయి భయపడింది గానీ, ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు నడక అనే పద్ధతి పెట్టుకున్నాక మాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

వెళ్లే నెల గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. మన తల్లిదండ్రులు ఎక్కువగా మే నుంచి జూలై మధ్య వెళ్తారు, సరిగ్గా ఆ నెలల్లోనే ఆ నగరం పొగమంచులో మునిగి ఉంటుంది. వేసవిలో లోపలి లోయ ప్రాంతం కాగి వేడిగాలి పైకి లేస్తుంటే, పసిఫిక్ మీది చల్లని తేమగాలి ఆ ఖాళీని నింపడానికి కొండల మధ్య గోల్డెన్‌గేట్ అనే సందులోంచి లోపలికి దూసుకువస్తుంది. అడుగునుంచి చల్లటి నీరు పైకి తేలుతూ ఉండటం వల్ల అక్కడి సముద్రం ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ గడ్డకట్టినట్టు తెల్లబడి పొగమంచు అవుతుంది. ఊరు బాగా వెచ్చబడేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. మేము సెప్టెంబర్‌లో వెళ్లాము. అయినా మొదటి రోజు వంతెన సగమే కనిపించింది, మూడో రోజు అసలు కనిపించలేదు, ఐదో రోజు ఉదయం పదకొండు దాటాక మంచు విడిపోయి మొత్తం కనిపించింది. ఒక్క పూట కోసం వెళ్లినవాళ్లకు ఏ రోజు దక్కుతుందో ఎవరు చెప్పగలరు?

ఆ ఐదో రోజున వంతెన మీద తూర్పువైపు నడకదారిలో నడిచాము. 1937లో తెరిచినప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన వేలాడే వంతెన అది, రెండు స్తంభాల మధ్య దూరమే 1,280 మీటర్లు. కట్టేటప్పుడు పనివాళ్ల కోసం కింద వల కట్టారు, అందులో పడి పంతొమ్మిది మంది బతికారు. అయినా మొత్తం పదకొండు మంది చనిపోయారు. నడుస్తుంటే కాళ్ల కింద వంతెన సన్నగా వణకడం తెలుస్తుంది. దూరం నుంచి తీసిన ఏ ఫొటోలోనూ ఆ వణుకు ఉండదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చినది కేబుల్ కారు. నిటారు వీధిలో రాళ్ల మీద గుర్రాలు జారిపడి చావడం చూసి ఆండ్రూ హాలిడీ దానికి పూనుకున్నాడని చెబుతారు. 1873లో క్లే వీధిలో మొదటిది నడిచింది. ఆ బండికి ఇంజను ఉండదు. వీధి కింద గాడిలో ఉక్కు తాడు గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పరుగెడుతూ ఉంటుంది, బండి నడిపేవాడు పెద్ద పటకారు లాంటి పట్టుతో దానిని పట్టుకుంటే బండి కదులుతుంది, వదిలితే ఆగుతుంది. వీధిలో బండి ఏదీ లేనప్పుడు కూడా పట్టాల మధ్య చీలిక దగ్గర నిలబడితే లోపల తాడు హుమ్మంటూ పోవడం వినిపిస్తుంది. మేమెక్కిన బండి నడిపినాయన పల్లానికి దిగేటప్పుడు వెనక్కు వాలి ఒళ్లంతా బరువు పెట్టి పిడి లాగాడు. అంతలో కాలిన కొయ్య వాసన గుప్పున వచ్చింది. పట్టాల మీద ఒత్తుకునే బ్రేకులు ఇప్పటికీ చెక్క దిమ్మలేనట, కొద్ది రోజులకే అరిగిపోతే మారుస్తూ ఉంటారట. మార్కెట్ వీధి చివర బండిని గుండ్రటి చెక్కబల్ల మీదికి ఎక్కించి, మనుషులు భుజాలతో తోసి వెనక్కు తిప్పుతారు. వాషింగ్టన్, మేసన్ వీధుల కూడలిలో ఆ తాళ్లను లాగే పెద్ద చక్రాలను దగ్గరనుంచి చూడనిచ్చే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. 1947లో నగర మేయర్ ఈ బండ్లను తీసేసి బస్సులు పెడతానంటే, ఫ్రీడెల్ క్లుస్‌మన్ అనే ఆవిడ మహిళలను కూడగట్టి, ఓటింగు దాకా తెచ్చి వాటిని కాపాడింది. ఆ సంగతి తెలిశాక ఆ బండి ఎక్కడం నాకు మరింత ఇష్టమైంది.

ఆల్కట్రాజ్ దీవికి టికెట్లు చాలా ముందుగా తీసుకోవాలి, లేకపోతే వారం రోజులున్నా దొరకవు. 1934 నుంచి 1963 వరకు అది కేంద్ర ప్రభుత్వ జైలు. చెవులకు పెట్టుకునే యంత్రంలో అక్కడ పనిచేసిన కాపలాదారుల గొంతులు, శిక్ష అనుభవించిన ఖైదీల గొంతులు వినిపిస్తూ ఉంటే ఆ గదుల మధ్య నడవాలి. జైలు మూసేశాక 1969 నవంబర్ నుంచి పంతొమ్మిది నెలలపాటు అమెరికా ఆదివాసులు, ఈ నేల తమదంటూ దీవిని ఆక్రమించుకున్నారు. నీళ్ల ట్యాంకు మీద వాళ్లు రాసిన ఎర్రటి అక్షరాలను, ట్యాంకు బాగుచేసినప్పుడు మళ్లీ రాసి, ఇప్పటికీ నిలిపి ఉంచారు. మాతో వచ్చినవాళ్లలో చాలామంది జైలు గదులు చూసి వెళ్లిపోయారు గానీ, నా మటుకు నేను ఆ అక్షరాల కింద ఎక్కువసేపు నిలబడ్డాను.

మనవాళ్లు తప్పక చూడవలసినవి, మీ వ్యాసంలో రానివి మరో రెండున్నాయి. ఒకటి వుడ్ వీధిలోని గదర్ స్మారక భవనం. బ్రిటిష్ పాలన నుంచి మన దేశ విముక్తి కోసం అమెరికాలోని భారతీయులు పెట్టుకున్న పార్టీ గదర్. 1913 నవంబర్ 1న గదర్ పత్రిక తొలి సంచిక వెలువడింది శాన్‌ఫ్రాన్సిస్కోలోనే. చదువుకోసం వెళ్లి ఆ పార్టీలో చేరిన మన దరిశి చెంచయ్య గారి పేరు తెలిసినవాళ్లు ఇప్పుడెంతమంది ఉన్నారో గానీ, ఆ భవనం ముందు నిలబడినప్పుడు మావారు ఆ పేరు పైకి పలికారు. ముందుగా వాకబు చేసుకుని వెళ్లడం మంచిది. రెండోది వెబ్‌స్టర్ వీధిలోని వేదాంత సంఘం పాత ఆలయం. రామకృష్ణ పరమహంస శిష్యులైన స్వామి త్రిగుణాతీతానంద ఆధ్వర్యంలో కట్టిన ఆ భవనం, నగరంలో చాలాభాగాన్ని కూల్చి కాల్చేసిన 1906 ఏప్రిల్ 18 భూకంపాన్ని తట్టుకుని నిలిచింది.

ఇక భోజనం. అమెరికా వెళ్లి కూడా మనం మన హోటళ్లే వెతుక్కుంటాము, లేకపోతే ఊరగాయ సీసా వెంట పెట్టుకుంటాము. రోజూ ఇంట్లో తినేది మన తిండే కాబట్టి, ఆ వారం రోజులైనా ఊరి తిండి తినాలని మేము నియమం పెట్టుకున్నాము. నేను శాకాహారిని, మావారు చేపలు తింటారు, అందువల్ల రెండువైపులా చెప్పగలను. అక్కడి పులుపు రొట్టె, బంగారం కోసం జనం ఆ ప్రాంతానికి ఎగబడిన రోజుల నాటిది. దానిని పులియబెట్టే సూక్ష్మజీవులలో ఒకదానికి శాస్త్రజ్ఞులు ఆ నగరం పేరే పెట్టారు. రొట్టెను చేత్తో విరిస్తే పైపెచ్చు ఫెళ్లుమంటుంది, లోపలి మెత్తటి భాగం మన పుల్లట్టు పిండి వాసన వేస్తుంది. ఆ రొట్టె నడుమ తొలిచి అందులో గుల్లల సూప్ పోసి ఇస్తారు, మావారు అదే రెండు రోజులు వరుసగా తిన్నారు. ఇటలీ నుంచి వచ్చిన జాలర్లు మొదలుపెట్టిన చొప్పీనో అనే చేపల పులుసు కూడా ఆయనకు నచ్చింది. ప్రసిద్ధమైన డంజనెస్ పీతల కాలం మామూలుగా నవంబర్‌లో మొదలవుతుంది కాబట్టి మాకు అవి దక్కలేదు.

శాకాహారులు భయపడనక్కరలేదు. ఫోర్ట్ మేసన్‌లో జెన్ బౌద్ధ కేంద్రం 1979లో మొదలుపెట్టిన గ్రీన్స్ భోజనశాలలో మాంసం ఊసే ఉండదు. కిటికీల్లోంచి గోల్డెన్‌గేట్ వంతెన కనిపిస్తూ ఉంటుంది. మిషన్ పేటలో నల్ల చిక్కుడు గింజలూ అన్నమూ రొట్టెలో చుట్టి ఇచ్చే బురీటో ఒకటి ఇద్దరికి సరిపోతుంది. అయితే మెదిపిన చిక్కుడు గింజల్లో పందికొవ్వు కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, చైనా పేట కూరల్లో ఆయిస్టర్ (ఆల్చిప్పల) సాస్ పడవచ్చు. అడగడానికి మొహమాటపడవద్దు. ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు, ఒకచోటైతే వంటమనిషి బయటికి వచ్చి మరీ చెప్పాడు. బిల్లు మీద నూటికి పద్దెనిమిది, ఇరవై వంతులు టిప్పు ఇవ్వడం అక్కడి రివాజు, దానిని ముందే లెక్కలో వేసుకోవాలి. నీళ్ల సీసాలు కొనవద్దు. కుళాయి నీళ్లలో ఎక్కువభాగం యోసెమిటీలోని హెచ్ హెచీ జలాశయం నుంచి వచ్చే మంచు కరిగిన నీరు, అంత తియ్యటి నీళ్లు నేను మరో నగరంలో తాగలేదు.

మిగిలిన రోజులు గోల్డెన్‌గేట్ పార్కులోనూ, పశ్చిమాన సముద్రం ఒడ్డున కాలిపోయిన సూత్రో స్నానశాలల శిథిలాల దగ్గరా, ఫెర్రీ భవనం ముందు శనివారం సంతలోనూ గడిచిపోయాయి. 1898 నాటి ఆ భవనం ముందు రైతులు పెట్టిన అత్తిపండ్ల బుట్ట పక్కన కూర్చుని, వచ్చే పడవలూ పోయే పడవలూ చూస్తూ రెండు గంటలు ఏ పనీ లేకుండా ఉన్నాము. ఒక్క పూట ప్రయాణంలో దానికి చోటుండదు.

మా వియ్యపురాలు గారు వచ్చే సెప్టెంబర్‌లో ఫ్రీమాంట్ వెళ్తున్నారు. మీ వ్యాసం కత్తిరించి పాస్‌పోర్టు కవరులో దాచుకున్నారు. దయచేసి రైలు వివరాలు, వెళ్లవలసిన నెలలు, ఆల్కట్రాజ్ టికెట్ల సంగతి, వెంట ఒక ఉన్ని శాలువా ఉండాలన్న మాట చేర్చి ఆ వ్యాసాన్ని మరొకసారి ప్రచురించండి. ఆవిడ ప్రయాణంలోపు వస్తే, పాతది తీసేసి ఆ కవరులో కొత్తది నేనే పెడతాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని